చింతపిక్కలతో చిట్టి లెక్కలు

"మావాడికి వంద వరకూ వచ్చు" అని ఈ రోజుల్లో తల్లులు గొప్పగా చెప్పుకుంటారు. వచ్చు, నిజమే. కానీ నోటికి రావడం వేరు, లెక్క రావడం వేరు కదండీ! మా తోటికోడలి కొడుక్కి నాలుగేళ్లు. ఒకటి నుంచి వంద దాకా రైలుబండిలా గడగడా చెప్పేస్తాడు. "నాలుగు కంచాలు పట్రా నాన్నా" అంటే మాత్రం చేతికందినన్నీ తెచ్చి కింద పెట్టాడు. "ఇవి నాలుగేనా?" అంటే, కంచాల వైపు చూడకుండానే మళ్లీ ఒకటి, రెండు అప్పజెప్పడం మొదలెట్టాడు. పిల్లాడు వెనకబడ్డాడేమోనని వాడి తల్లికి ఒకటే బెంగ. వెనకబడటం కాదు, వస్తువుకీ అంకెకీ ఇంకా ముడి పడలేదు, అంతే.

ఆ ముడి పడాలంటే పలకా బలపం కంటే ముందు ఆట కావాలి.

మాది ఖమ్మం నుంచి భద్రాచలం వెళ్లే దారిలో అడవి అంచు ఊరు. ఎండాకాలం వస్తే ఇక్కడంతా తునికాకు పని. 50 ఆకులు పేర్చి ఒక కట్ట కడతారు. 1000 కట్టలైతే ఒక స్టాండర్డ్ బస్తా. బడి మొహం చూడని ఆడవాళ్లు కూడా కబుర్లు చెప్పుకుంటూనే ఆకులు పేర్చుకుంటూ పోతారు. కల్లం దగ్గర లెక్క తేడా వస్తే పోయేది వాళ్ల కష్టమే. వాళ్ల పక్కన ఆడుకునే పసిపిల్లలు ఆకుల్ని అయిదేసి దొంతర్లు పెట్టుకుంటుంటే చూశాను. అయిదంటే ఏమిటో ఆ పిల్లలకి కళ్లకీ, చేతికీ తెలుసు. అది చూశాకే మా ఇంట్లో కూడా ఆటలు మొదలుపెట్టాను.

మొదటిది వడ్డన ఆట. కంచానికి ఒక అప్పడం, మనిషికి ఒక గ్లాసు. "అందరికీ సరిపోయాయా? ఎవరికి తగ్గింది?" అని అడగాలి. అంకె పేరు చెప్పనక్కర్లేదు. ఒకదానికి ఒకటి జత చేయడమే లెక్కకి పునాది.

రెండోది పిక్కల ఆట. నాలుగు చింతపిక్కల్ని ఒకవైపు బండమీద అరగదీస్తే తెల్లగా వస్తాయి. వాటిని పైకి విసిరి ఎన్ని తెల్లగా పడ్డాయో చూడటం, అన్ని గడులు గవ్వని జరపడం. నాలుగూ నల్లగా పడితే కదలకూడదు. సున్నా అంటే ఏమిటో ఇంతకంటే బాగా ఎవరు చెప్పగలరు?

మూడోది వామనగుంటలు. అసలు పీటకి 14 గుంటలు ఉంటాయి. చిన్నపిల్లలకి అన్ని వద్దు. మట్టిలో మూడు గుంటలు తీసి, గుంటకో పిక్క వేసుకుంటూ పొమ్మంటే చాలు.

నాలుగోది మా గోదావరి ఆట. భద్రాచలం దగ్గర నీళ్లు 43 అడుగులకి వస్తే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986లో 75.6 అడుగులు, 2022 జూలైలో 71.3 అడుగులు వచ్చాయి. వానాకాలం పెద్దల నోట ఎప్పుడూ ఈ అంకెలే. బకెట్లో గీతలు గీసిన పుల్ల నిలబెట్టి చెంబుతో నీళ్లు పోయిస్తాను. "ఎన్ని చెంబులకి మొదటి గీత మునిగింది?" అంటే పిల్లలు ఊపిరి బిగబట్టి లెక్కపెడతారు.

ఇంకో చిత్రం చూడండి. అయిదు పిక్కలు దగ్గరగా ఒక వరస, అయిదు దూరదూరంగా ఒక వరస పెట్టండి. ఎక్కడ ఎక్కువున్నాయంటే నాలుగేళ్ల పిల్లలు చాలామంది పొడుగు వరసే చూపిస్తారు. స్విట్జర్లాండ్‌కి చెందిన పియాజే అనే ఆయన ఇలాంటివి పరీక్షించి 1941లో పుస్తకమే రాశాడు. కాబట్టి కోప్పడకండి. ఆ వయసు అంతే. ఆడగా ఆడగా వాళ్లకే తెలుస్తుంది.

ఇంట్లో కోయ మాట్లాడే పిల్లలు మా పిల్లలతో ఆడటానికి వస్తారు. వాళ్లని ముందు వాళ్ల భాషలోనే లెక్కపెట్టమంటాను, తర్వాత తెలుగులో. మావాళ్లు కూడా ఆ అంకెలు పట్టేశారు!

ఒక్క జాగ్రత్త. మూడేళ్లలోపు వాళ్ల చేతికి పిక్కలు ఇవ్వకండి, నోట్లోనో ముక్కులోనో పెట్టుకుంటారు. వాళ్లకి గరిటెలు, గిన్నెలు చాలు. ఎర్రగా ముద్దొస్తున్నాయి కదా అని అడవిలో దొరికే గురివింద గింజలు మాత్రం ఏ వయసు పిల్లలకీ వద్దు, అవి విషం. ఆట అయ్యాక పిక్కలన్నీ లెక్కపెట్టి డబ్బాలో వేయించండి. అది కూడా లెక్కే, పైగా ఇల్లు ఊడ్చే పని మనకి తగ్గుతుంది!