గిటార్ నేర్పే సార్ కోసం మూడు ఊర్లు తిరిగినం

పోస్టు కొంచెం పెద్దగనే ఉంటది, ఓపికతో చదవండి. మన పిల్లల్లో గిటార్ నేర్చుకోవాలని ఉండి, ఎవరిని అడగాలో తెలియక ఊకున్నవాళ్లు చాలామందే ఉంటరు. మేము ఒక సంవత్సరం అట్లనే ఉన్నం. తర్వాత ఏం జరిగిందో రాస్తున్నం.

మేము ముగ్గురం. మిర్యాలగూడలో డిగ్రీ రెండో సంవత్సరం, హాస్టల్‌లో ఒకటే రూము. మా తండాలు నేరేడుచర్ల, పాలకవీడు దిక్కు. ముగ్గురి ఇండ్లల్లోనూ కాలేజీ మెట్లెక్కింది మేమే మొదలు. హాస్టల్‌లో ఒక సీనియర్ అక్క ఉద్యోగం వచ్చి పోతూ పోతూ తన పాత గిటార్ రెండు వేల ఐదొందలకు ఇస్తనన్నది. సెలవుల్లో నాట్లకు పోయి సంపాయించిన పైసల్లోంచి తలా కొంత వేసి తీసుకున్నం. దానికి సంచి లేదు. మాలో ఒకామె వాళ్ల యాడి బియ్యం బస్తా కత్తిరించి, లోపల పాత దుప్పటి పెట్టి కవరు కుట్టిచ్చింది. ఇప్పటికీ అదే వాడుతున్నం. బస్సులో కండక్టర్లు "ఏంది బిడ్డా, బియ్యమా?" అని అడుగుతరు.

మొదట ఫోన్ చూసి నేర్చుకుందామనుకున్నం. జస్టిన్ సాండర్‌కో అని ఆస్ట్రేలియా ఆయన పాఠాలు నెట్‌లో ఫ్రీగనే ఉన్నయ్. చాలా నిదానంగ, మంచిగ చెప్తడు. ఇంగ్లీషు సగం అర్థం కాకున్నా చేతులు చూసి పట్టుకున్నం. కానీ ఆయన మాకు కనిపిస్తడు, మేము ఆయనకు కనిపించం కదా. గిటార్‌కు ఆరు తీగలు. అన్నిటికన్నా లావు తీగకూ, అన్నిటికన్నా సన్న తీగకూ పేరు ఒకటే, "ఈ". మధ్యల తేడా రెండు స్థాయిలు. ఆ సంగతి తెలియక సన్న తీగను బిగిస్తనే పోయినం, టప్పున తెగి ఒకామె చెంపకు తగిలింది. కంటికి తగలకపోవడం మా అదృష్టం. నేరేడుచర్లలో అడిగితే తీగ దొరకలేదు. పదిహేను రోజులు అయిదు తీగలతోనే నడిపినం.

ఇంకోటి, మణికట్టు లోపలికి వంచి పట్టుకునేవాళ్లం. నెల తిరిగేసరికి ఒకామెకు రాసేటప్పుడు కూడా చెయ్యి నొయ్యబట్టింది. అప్పుడు అర్థమైంది, మన చెయ్యి చూసి "గట్ల కాదు, గిట్ల" అని చెప్పే మనిషి ఒకరు కావాలె అని.

వెతకడం మొదలుపెట్టినం. మొదట ఒక టౌన్‌లో బోర్డు చూసి పోయినం. "గిటార్, కీబోర్డ్, డ్యాన్స్" అని ఉంది. పోంగనే మూడు నెలల ఫీజు ఒకేసారి కట్టాలన్నరు. అన్ని పైసలు లేవంటే రిజిస్ట్రేషన్ కింద అయిదొందలు కట్టమన్నరు, కట్టినం. ఏ ఊరని అడిగితే తండా పేరు చెప్పినం. ఆ సార్ నవ్వి "మీకెందుకమ్మా గిటార్, డప్పు నేర్చుకోండి" అన్నడు. డప్పు తక్కువదని మేము అనం. కానీ ఆయన ఏ ఉద్దేశంతో అన్నడో ఆ నవ్వులోనే తెలిసింది. క్లాసు అరగంట. అందులో ఇరవై నిమిషాలు ఆయనే సినిమా పాటలు వాయించిండు, మేము చేతులు కట్టుకొని విన్నం. మా చేతికి గిటార్ ఇయ్యనే లేదు. అయిదొందలు పోయినయ్. మళ్ల పోలేదు.

రెండోది ఇంకో ఊర్లో. ఇంటి దగ్గర ప్రైవేటుగా నేర్పుతడని ఎవరో నంబర్ ఇచ్చిన్రు. ఫోన్లో మంచిగనే మాట్లాడిండు. తర్వాత ముగ్గురు ఒకసారి వద్దు, ఒక్కొక్కరు రండి, సాయంత్రం ఏడు తర్వాత అయితేనే కుదురుతది అన్నడు. మాకు హాస్టల్ గేటు ఆ టైముకు మూసేస్తరు. ఆదివారం పొద్దున వస్తం, ముగ్గురం కలిసే కూర్చుంటం అంటే మెసేజీలకు జవాబు ఇయ్యడం ఆపేసిండు. ఆయన మంచోడో చెడ్డోడో మాకు తెల్వదు. కానీ ఆడపిల్లలం, ఇంట్ల వాళ్లు ఎంతో నమ్మి పంపిన్రు. ఒక్క మాట అటు ఇటు అయితే గిటార్ కాదు, చదువే బందయితది. అందుకే వదిలేసినం.

అప్పటికే ఇంట్ల గొడవ మొదలైంది. మాలో ఒకామె వాళ్ల నాయిన "డబ్బా వాయిస్తే ఉద్యోగం వస్తదా? అమ్మేసి పుస్తకాలు కొనుక్కో" అన్నడు. ఆయన మాటలో తప్పు లేదు. రోజు కూలీ మీద ఇల్లు నడిపే మనిషికి గిటార్ అంటే ఏం చెప్పాలె? మేము కూడా అమ్మేద్దామనే అనుకున్నం.

మూడో మనిషి మా నేరేడుచర్లలోనే దొరికిండు. ప్రతి ఆదివారం చర్చిలో ప్రార్థన పాటలకు గిటార్ వాయించే అన్న. మా క్లాసు అమ్మాయి చెప్పింది. పోయి "సార్" అంటే "సార్ వద్దు, అన్న అనండి" అన్నడు. సర్టిఫికెట్ ఏం లేదు. ఇంటి ముందర రేకుల వరండా, వాళ్ల అమ్మ అక్కడే కూర్చొని బియ్యం ఏరుతుంటది. నెలకు ముగ్గురికి కలిపి వెయ్యి రూపాయలు, నాలుగు ఆదివారాలు, మధ్యాహ్నం రెండు గంటలకు. మొదటి రోజు పైసలు తీసుకోలేదు. "ఈ రోజు చూడండి, నచ్చితే వచ్చే వారం ఇయ్యండి" అన్నడు. మిర్యాలగూడ నుంచి బస్సుకు ఖర్చు లేదు. 2023 డిసెంబర్ 9 నుంచి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మాకు జీరో టికెట్ ఉంది కదా. ఆ టికెట్ లేకుంటే ఈ చదువు నడవకపోతుండె. వార్డెన్ మేడమ్‌కు అన్న నంబర్, వాళ్ల అమ్మ నంబర్ రెండూ ఇచ్చి ఔటింగ్ తీసుకున్నం.

అన్న మొదలు అడిగిన మాట, "మీకు ఏ పాట వాయించాలని ఉంది?" ఇంతకుముందు ఎవరూ అడగలేదు. సిగ్గుపడి, ఒకరి మొఖం ఒకరు చూసుకొని, తీజ్ పాట అన్నం. తెలియనివాళ్ల కోసం చెప్తున్నం, తీజ్ మా లంబాడీ ఆడపిల్లల పండుగ. శ్రావణంలో బుట్టల్లో గోధుమ మొలకలు పోసి, తొమ్మిది రోజులు నీళ్లు పోసుకుంట, పాటలు పాడుకుంట పెంచుతం. ఆఖరి రోజు నీళ్లల్లో కలుపుతం. అన్నకు ఆ పాటలు తెల్వవు, మా గోర్ బోలీ భాషా రాదు. "పాడండి" అన్నడు. పాడినం. "మళ్ల" అన్నడు. అయిదారు సార్లు పాడించుకొని, మా పాట తిరిగి తిరిగి వచ్చి ఆగే స్వరం పట్టుకున్నడు. లావు తీగను కొంచెం వదులు చేసి "ఈ" నుంచి "డి"కి దించిండు. అది ఒక్కటే మీటుకుంట పాడమన్నడు. కార్డులు లేవు, ఏం లేవు. ఒకటే తీగ కింద మోగుతుంటే మా పాట మాకే కొత్తగ వినిపించింది.

తర్వాత ఒక సంగతి చదివినం. పాలకొల్లులో 1969లో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ గారు. మాండొలిన్ మన దేశం వాయిద్యం కాదు. ఆయన గురువు రుద్రరాజు సుబ్బరాజు గారికి మాండొలిన్ వాయించడం రాదు. గురువు పాడేవారు, శిష్యుడు విని మాండొలిన్ మీద పలికించేవాడు. అట్ల నేర్చుకున్న ఆయనకే 1998లో పద్మశ్రీ వచ్చింది. మేము అంతటోళ్లం అయితమని కాదు. నేర్పేవాళ్లకు చెవి ఉండాలె, వినే ఓపిక ఉండాలె అన్నది అక్కడ కూడా ఉన్నది, మా రేకుల వరండాలో కూడా ఉన్నది. అది చెప్దామని రాసినం.

ఇప్పుడు ఎవరన్నా వెతుకుతుంటే, మేము పైసలు పోగొట్టుకొని నేర్చుకున్నవి ఇవి.

ఒకటి, ముందే మూడు నెలలు కట్టకండి. ఒక్క క్లాసు చూసి, నెలకు నెల కట్టండి. ఇద్దరు ముగ్గురు కలిసి పోతే ఫీజు తగ్గించమని అడగండి, అడగడంలో తప్పు లేదు.

రెండు, క్లాసులో ఎవరు ఎక్కువసేపు వాయించిన్రో చూడండి. సారే వాయిస్తుంటే అది కచేరీ, క్లాసు కాదు. మన మణికట్టు, బొటనవేలు, వేళ్ల కొసలు చూసి సరిచేస్తున్నడా లేదా? మేము ఫ్రెట్ల నడుమ నొక్కుతుంటిమి, తీగ బర్రుమనేది. ఇనుప గీతకు దగ్గరగా, దాని వెనకాల నొక్కితే తక్కువ బలంతోనే శుభ్రంగ పలుకుతది. ఈ ఒక్క మాట అన్న మొదటి రోజే చెప్పిండు.

మూడు, శ్రుతి చేసుకోవడం మొదటి వారమే నేర్పమనండి. ఫోన్లో ఫ్రీ ట్యూనర్లు ఉంటయ్, కానీ ఏ తీగ ఏదో చేత పట్టి చూపించాలె.

నాలుగు, ఆడపిల్లలైతే ఇంట్ల వాళ్లు ఉండే చోటు, తలుపు తెరిచి ఉండే చోటు, పగటి టైము. ఇది మొహమాటపడే విషయం కాదు. మంచి గురువు అయితే ఈ మాటకు కోపం చేసుకోడు.

అయిదు, వేళ్లు మండుతయ్. రెండు మూడు వారాల్లో చర్మం గట్టిపడుతది. నాట్లేసిన చేతులకు అది పెద్ద లెక్క కాదు. మరీ ఎక్కువైతే సన్న తీగల సెట్టు వేయించుకోండి.

ఆఖరి మాట. ఈసారి తీజ్‌కు గిటార్ తండాకు తీసుకపోయినం. నిజం చెప్తున్నం, గిటార్ ఎవరికీ వినిపించలేదు. ఇరవై మంది ఆడోళ్లు గుండ్రంగ తిరుగుకుంట చప్పట్లు కొట్టి పాడుతుంటే మా ఒక్క తీగ ఎక్కడ వినిపిస్తది? పైగ వాళ్లు పోను పోను వేగం పెంచిన్రు, మేము అందుకోలేకపోయినం. నవ్వులే నవ్వులు. వద్దన్న నాయిన కూడా దూరంగ బండ మీద కూర్చొని చూసిండు. ఏం అనలేదు, అమ్మేయమని మాత్రం మళ్ల అనలేదు.

రాత్రి అందరు పోయినంక, కవరు కుట్టిన యాడి మా పక్కన కూర్చొని "ఇప్పుడు వాయించండి, నేను పాడుత" అన్నది. పాడుతుంటే తెలిసింది, ఆ పాటకు మాకు వచ్చింది రెండు చరణాలే. ఆమెకు ఇంకా ఏడు వస్తయ్. మా భాషకు సొంత లిపి లేదు, ఆ ఏడు ఎక్కడా రాసి లేవు. ఆ రాత్రి మూడు చరణాలు తెలుగు అక్షరాల్లో రాసుకున్నం. మిగతావి దసరా సెలవులకు పోయినప్పుడు రాసుకోవాలె.

సూర్యాపేట, కోదాడ, హుజూర్‌నగర్ దిక్కు మొదటి నుంచి ఓపికగా నేర్పేవాళ్లు, ఆడపిల్లలను కలిసి కూర్చోనిచ్చేవాళ్లు ఎవరన్నా తెలిస్తే ఫీజు, టైముతో సహా కింద చెప్పండి. ఆ ఊర్లల్ల హాస్టళ్లలో ఉన్న చెల్లెళ్లు మమ్మల్ని అడుగుతున్నరు. అట్లనే మీ ఇంట్ల, మీ గూడెంలో, మీ తండాలో పాటలు వచ్చిన పెద్దోళ్లు ఉంటే ఈ సెలవుల్లో వాళ్ల దగ్గర కూడా కొంచెంసేపు కూర్చోండి. వాళ్లు ఫీజు అడగరు.

జోహార్. జై సేవాలాల్.