బెజ్జం లేని తుపాకీ

ఏప్రిల్ చలి. తెల్లవారుజామున ఐదింటికి, బోస్టన్ దగ్గరి లెక్సింగ్టన్‌లో రెండు జాకెట్లు వేసుకుని కూడా వణుకుతున్నాను. 1775 ఏప్రిల్ 19న బ్రిటిష్ సైన్యానికీ, ఊళ్లోని మిలీషియాకీ మధ్య కాల్పులు జరిగింది ఈ పచ్చిక మీదే. ఊరివాళ్లు 8 మంది చనిపోయారు. ఏటా ఆ ఘట్టాన్ని మళ్లీ ఆడి చూపిస్తారు. నన్ను రమ్మన్నది మా టీమ్‌లో సీనియర్. ఆయనది ఎర్రకోటు సిపాయి వేషం.

వారం ముందు వాళ్లింట్లో తన తుపాకీ నా చేతికిచ్చాడు. బ్రౌన్ బెస్ మస్కెట్‌కి నకలు. దాదాపు నాలుగున్నర కిలోలు. "ఇది మీ ఇండియాలో చేసిందే" అన్నాడు. భలే గర్వమేసింది. "కానీ బెజ్జం లేకుండా వచ్చింది" అన్నాడు వెంటనే.

ఫ్లింట్‌లాక్ అంటే చెకుముకి తుపాకీ. ట్రిగ్గర్ నొక్కితే రాయి ఉక్కు పలకకి రాసుకుని నిప్పురవ్వలు రాలతాయి. కింద బుల్లి పళ్లెంలోని మందు అంటుకుంటుంది. ఆ మంట పక్కనున్న సన్న బెజ్జంలోంచి గొట్టంలోకి వెళ్తేనే పేలుతుంది. బెజ్జం లేకపోతే అది గోడకి తగిలించే షోపీసే. అలా పంపితే దిగుమతి తేలికట. ఆయన ఇక్కడ తుపాకీలు బాగుచేసే మనిషితో బెజ్జం వేయించాడు. తుపాకీని బల్లకి కట్టేసి, దూరం నుంచి తాడు లాగి పేల్చి చూశాకే చేత్తో పట్టుకున్నాడు.

నాకు చురుక్కుమంది. "మావాళ్ల పని మీద నమ్మకం లేదా?" అని అడిగేశాను.

"గొట్టం పగిలితే పోయేది నా చెయ్యి. నీ కోడ్ అయినా టెస్ట్ చెయ్యకుండా వదులుతామా?" అన్నాడు.

నోరు మూసుకున్నా. పోయిన నెల టెస్టులు ఎగ్గొట్టి నేను పంపిన కోడ్‌ని, రాత్రి రెండింటికి లేచి సరిచేసింది ఆయనే మరి.

ఇంటికొచ్చి చదివితే ఇంకోటి తెలిసింది. ఈస్టిండియా కంపెనీ తన సైన్యం కోసం చేయించుకున్న పొట్టి గొట్టం మస్కెట్‌నే 1790ల్లో బ్రిటిష్ సైన్యమూ తీసుకుంది. దాని పేరే 'ఇండియా పాటర్న్'. అప్పుడు వాళ్లు చేసి మన మీదికి తెచ్చారు. ఇప్పుడు మనం చేసిస్తే, ఓ అమెరికన్ బ్రిటిష్ వేషంలో పేలుస్తున్నాడు.

ధన్‌మని శబ్దం. గుండు ఉండదు, మందు మాత్రమే. అయినా ఆయన చేతి మీంచి చూపు తిప్పుకోలేకపోయాను. పొగ తేలిపోయింది. చెయ్యి భద్రంగా ఉంది. ఎక్కడో ఆ గొట్టం చేసిన మనిషికి ఈ సంగతి తెలియదు. తెలిస్తే బాగుండనిపించింది.

మర్నాడు ఆఫీసులో ముందు బాకీపడ్డ టెస్టులు రాశాను.