తక్కువ సామాను, ఎక్కువ పని

అడవిలో రెండు రోజులు ఉండి రావాలంటే ఏమేం కొనాలన్నా? ఈ మధ్య హాస్టలుకు వచ్చినప్పుడల్లా తమ్ముళ్లు మమ్మల్ని అడుగుతున్న ప్రశ్న ఇది. ముందు మీ ట్రంకు పెట్టె తెరిచి చూడండి, కావలసిన వాటిలో సగం అందులోనే ఉన్నాయి అన్నది మా జవాబు. మిగతా సగం గురించి చెప్పడానికే ఈ వ్యాసం.

మేమంటే ఈ హాస్టల్లోనే చదువుకొని, ఇప్పుడు నగరంలో పి.జి. చేస్తున్న ఆరుగురం. మూడేళ్లుగా సెలవు దొరికినప్పుడల్లా కొండలెక్కుతున్నాం, ఆరుబయట రాత్రులు గడుపుతున్నాం. ఎక్కువసార్లు వెళ్లింది వికారాబాదు దగ్గరి అనంతగిరి వైపు. మూసీ నది పుట్టింది ఆ కొండల్లోనే. అక్కడ ఒక రైతన్న తన మామిడి తోటలో పడుకోనిస్తాడు. మేం నేర్చుకున్నదంతా ఆ తోటలోనే.

డిగ్రీ చదివే రోజుల్లో ఒక ట్రెక్కింగ్ క్యాంపుకు మాలో తొమ్మిది మందిమి పేర్లిచ్చాం. నిర్వాహకులు సామాను జాబితా పంపారు. గుడారం, స్లీపింగ్ బ్యాగు, కింద పరుచుకునే ఫోమ్ చాప, ట్రెక్కింగ్ బూట్లు, రెయిన్ జాకెట్టు, మడతపెట్టే స్టవ్వు... అన్నీ కొంటే మనిషికి పదివేలు దాటుతుంది. మరుసటి రోజు ముగ్గురు పేర్లు వెనక్కి తీసుకున్నారు. ఒకతనికి జ్వరం వచ్చిందట. ఒకతనికి ఊళ్లో పెళ్లి ఉందట. ఇంకొకతనికి అసలు కొండలంటేనే ఇష్టం లేదట. డబ్బుల్లేవని ఒక్కరూ అనలేదు. ఇలాంటి జ్వరాలూ పెళ్లిళ్లూ హాస్టల్లో పెరిగిన మనకు కొత్తవి కావు. ఆ జాబితాను పట్టుకొని, ఇందులో నిజంగా లేకపోతే కుదరనిది ఏది అని ఒక్కో వస్తువు పక్కన గీత పెట్టుకుంటూ కూర్చోవడంతో మా ఈ పని మొదలైంది.

జాబితాలు చెడ్డవేం కావు. అమెరికాలోని సియాటిల్ నగరంలో 'ది మౌంటెనీర్స్' అనే పర్వతారోహకుల సంఘం 1930లలో పది అత్యవసర వస్తువుల జాబితా తయారుచేసింది. 1974లో అది వారి పుస్తకంలో అచ్చయింది. అందులో ఉన్నవి ఇవి: మ్యాపు, దిక్సూచి, ఎండ నుంచి కళ్లకూ ఒంటికీ రక్షణ, అదనపు బట్టలు, టార్చిలైటు, ప్రథమ చికిత్స సామాను, నిప్పు రాజేసుకునే సాధనం, అగ్గిపెట్టె, కత్తి, అదనపు తిండి. ఇందులో గుడారం లేదు, స్టవ్వు లేదు. తొంభై ఏళ్ల కిందటి ఆ జాబితా మనిషి ప్రాణం నిలవడానికి ఏం కావాలో చెప్పింది. దుకాణాల వాళ్ల జాబితా ఏం అమ్ముడుపోవాలో చెబుతుంది.

ఏదైనా కొనేముందు మేం మూడు ప్రశ్నలు వేసుకుంటాం. ఒకటి, ఇది కనీసం మూడు పనులు చేస్తుందా? రెండు, చెడిపోతే మన చేతులతో బాగుచేసుకోగలమా? మూడు, తిరిగొచ్చాక హాస్టల్లోనో ఇంట్లోనో వాడుకుంటామా? రెండింటికైనా అవునని జవాబు రాకపోతే ఆ వస్తువు దుకాణంలోనే ఉంటుంది.

ఈ పరీక్షలో అన్నిటికంటే ముందు నెగ్గింది టార్పాలిన్ పట్టా. రెండు చెట్ల మధ్య తాడు కట్టి దాని మీద వేస్తే ఇల్లు. మడిచి కింద పరిస్తే చాప. వాన పడుతుంటే సామాను మీద కప్పు. అంచు వంచి కింద గిన్నె పెడితే వాన నీళ్లు పట్టే దోనె. నలుగురు పడుకోవడానికి 12 అడుగుల పొడవు, 9 అడుగుల వెడల్పు సరిపోతుంది. కొనేటప్పుడు జి.ఎస్.ఎం. ఎంతో అడగండి. అంటే చదరపు మీటరుకు ఎన్ని గ్రాములని. 12 × 9 అంటే 108 చదరపు అడుగులు, దాదాపు 10 చదరపు మీటర్లు. 120 జి.ఎస్.ఎం. పట్టా అయితే 1,200 గ్రాములు తూగుతుంది. నలుగురు వంతులవారీగా మోస్తే అదొక బరువే కాదు. ధాన్యం మీద కప్పే మందపు పట్టా తీసుకుంటే మాత్రం కొండ సగం ఎక్కేసరికి దాన్ని తిట్టుకుంటారు.

రెండోది దోమతెర. దీన్ని చాలామంది లెక్కలోకే తీసుకోరు. దోమలను ఆపుతుంది, మలేరియాను ఆపుతుంది, అంతకంటే ముఖ్యంగా కట్లపామును ఆపుతుంది. మన ప్రాంతంలో ప్రాణాలు తీసే పాములు ప్రధానంగా నాలుగు: నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర. వీటిలో కట్లపాము రాత్రిపూట తిరుగుతుంది, నేల మీద నిద్రపోతున్నవాళ్లను కరుస్తుంది. చాలాసార్లు కాటు పడిన సంగతే తెలియదు, నొప్పీ వాపూ పెద్దగా ఉండవు. అందుకే దోమతెర అంచులను నాలుగు వైపులా పక్క కిందికి దోపి పడుకోవాలి. వేలాడేసి వదిలితే లాభం లేదు.

మూడోది లుంగీ. దీని గురించి మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. కట్టుకోవడానికి, కప్పుకోవడానికి, తుడుచుకోవడానికి, మూట కట్టడానికి పనికొస్తుంది. చెయ్యి విరిగితే మెడలో వేసి కట్టడానికి కూడా. బురద నీళ్లు వడకట్టడానికీ వాడవచ్చు. బంగ్లాదేశ్ గ్రామాల్లో పాత నూలు చీరను కనీసం నాలుగు మడతలు వేసి తాగునీళ్లు వడకడితే కలరా దాదాపు సగానికి తగ్గిందని 2003లో వెలువడిన ఒక అధ్యయనం తేల్చింది. అయితే వడకట్టడంతో పని పూర్తి కాదు. నీళ్లు తెర్లిన తరువాత మరో నిమిషం పాటు మరగనివ్వాలి. మరిగించే వీలు లేకపోతే క్లోరిన్ బిళ్ల వేసి, అరగంట ఆగి తాగాలి. ఎన్ని నీళ్లకు ఎంత బిళ్లో అట్ట మీద చూసుకోండి.

నాలుగోది స్టీలు. మన హాస్టలు ప్లేటు, గ్లాసు, ఒక క్యారేజీ గిన్నె ఉంటే వంటిల్లు వచ్చినట్టే. గిన్నెలోనే నీళ్లు కాగుతాయి, అన్నం ఉడుకుతుంది, మూత ప్లేటవుతుంది. స్టీలు నీళ్ల సీసా కూడా మంచిదే. ఒకే పొర ఉన్న సీసాను మూత తీసి నిప్పుల పక్కన పెట్టి నీళ్లు కాచుకోవచ్చు. వేడి నిలిపే రెండు పొరల ఫ్లాస్కు సీసాను మాత్రం ఎప్పుడూ మంట మీద పెట్టకండి, పేలే ప్రమాదం ఉంది.

ఐదోది చేతికర్ర. నడకకు తోడు, పట్టాకు గుంజ, వాగులో లోతు చూసే కొలబద్ద. గడ్డిలో నేల మీద తట్టుకుంటూ నడిస్తే ఆ అదురుకు పాములు చాలావరకు తప్పుకుంటాయి. ఎవరికైనా పాము కరిస్తే కదలకుండా కట్టడానికి కర్ర, కట్టడానికి లుంగీ చేతిలోనే ఉంటాయి. గాటు పెట్టొద్దు, నోటితో పీల్చొద్దు, తాడుతో బిగించి కట్టొద్దు. ధైర్యం చెప్పి, కాలో చెయ్యో కదలకుండా ఉంచి, విషానికి విరుగుడు సూది మందు ఉన్న ఆసుపత్రికి తీసుకుపోవాలి. 108కి ఫోన్ చేయాలంటే ఫోనులో చార్జింగు ఉండాలి. అందుకే ఫోను లైటును మేం లైటు కింద లెక్కపెట్టం.

ఇక గొంగడి. మా తాతల కాలం నుంచీ గొర్లకాపరుల భుజాన ఉన్న వస్తువు. పరిస్తే పడక, కప్పితే దుప్పటి, నెత్తి మీదుగా మడిచి వేసుకుంటే వానకు గొడుగు. ఉన్ని తడిసినా కొంత వెచ్చదనం నిలుపుతుంది, తడిసిన నూలు దుప్పటి నిలపలేదు. దాని బరువు ఎక్కువే, ఒప్పుకుంటాం. చలికాలంలో అనంతగిరిలో తెల్లవారుజామున నాలుగు గంటలకు ఆ బరువు గురించి మాలో ఎవరూ మాట్లాడలేదు.

గొంగడి గురించి రాస్తుంటే ఇంకో మాట చెప్పాలనిపిస్తోంది. మేం అడవిలో పడుకోవడానికి పోతున్నామని మొదటిసారి చెప్పినప్పుడు ఇళ్లలో ఎవరికీ అర్థం కాలేదు. "ఇల్లు పెట్టుకొని చెట్ల కింద పండుడేంది బిడ్డా? అందుకేనా మిమ్మల్ని చదివిచ్చింది?" అని ఒక అమ్మ అడిగింది. ఆమె మాటలో న్యాయం ఉంది. వేసవిలో తునికాకు కోయడానికి పోయి అడవిలో వండుకు తిన్నవాళ్లు, అడవి పందుల కాపలాకు మంచె మీద రాత్రులు గడిపినవాళ్లు మన అమ్మానాన్నలు. వాళ్లకది బతుకుదెరువు. మనం సరదాకు పోతున్నాం. ఆ తేడా మరచిపోకూడదు.

కానీ ఆ అమ్మానాన్నల దగ్గర కూర్చొని అడిగితే తెలిసిందేమిటంటే, మేం పుస్తకాల్లో వెతుకుతున్నదంతా వాళ్ల చేతుల్లో ఉంది. జారని ముడి ఎలా వేయాలి, తడి కట్టెల్లో లోపలి పొడి భాగం ఎలా చీల్చి తీయాలి, గాలి ఎటు వీస్తే పొయ్యి ఎటు పెట్టాలి. దీన్నే ఇంగ్లీషులో బుష్‌క్రాఫ్ట్ అంటారు. మన ఇళ్లలో దానికి పేరు లేదు, అది పని, అంతే. మాలో ఒకతని నాన్న ఒక్క సాయంత్రం కూర్చోబెట్టి నాలుగు ముడులు నేర్పించాడు. కొడుకు తనను ఏదైనా నేర్పమని అడిగింది పదో తరగతి తరువాత అదే మొదటిసారి అని నవ్వుతూ అన్నాడు.

అయితే తమ్ముళ్లూ, ఒక వస్తువు పది పనులు చేయాలన్న సూత్రం ప్రతిచోటా చెల్లదు. బట్టలారేసే నైలాన్ తాడు పట్టా కట్టడానికి బాగుంటుంది. దాన్ని పట్టుకొని బండ దిగుదామనుకుంటే మాత్రం ప్రాణాలకే ముప్పు. బండలెక్కడానికి వేరే తాళ్లున్నాయి, నేర్పే గురువులున్నారు. 2014 మే 25న మన సాంఘిక సంక్షేమ గురుకులాల విద్యార్థులు మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ కుమార్ ఎవరెస్టు శిఖరం ఎక్కారు. అప్పటికి పూర్ణ వయసు పదమూడేళ్ల పదకొండు నెలలు. వాళ్లు శిక్షణ మొదలుపెట్టింది మన భువనగిరి గుట్ట మీద, ఆ తరువాత డార్జిలింగ్ వెళ్లారు. 8,848 మీటర్ల ఎత్తున లుంగీ, గొంగడి పనిచేయవు. అక్కడ ఆక్సిజన్ సిలిండరు ఒక్క పనే చేస్తుంది, ఆ పని చేస్తే చాలు. ఏ వస్తువు దగ్గర పొదుపు చేయాలో, ఏ వస్తువు దగ్గర చేయకూడదో తెలుసుకోవడమే అసలు విద్య.

మా స్థాయి ప్రయాణాల్లో కూడా పొదుపు చేయనివి మూడున్నాయి. మొదటిది నీళ్లు. ఎండలో నడిచే మనిషికి రోజుకు మూడు లీటర్లు లెక్క వేసుకోండి, లీటరు కిలో బరువు. ఓ.ఆర్.ఎస్. ప్యాకెట్లు కూడా పెట్టుకోండి. అవి లేకపోతే లీటరు శుభ్రమైన నీళ్లలో ఆరు చిన్న చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు. రెండోది చెప్పులు, బూట్లు. కొత్త బూట్లతో కొండెక్కకండి. పాదానికి అలవాటైన కాన్వాసు బూట్లు, రెండు జతల మేజోళ్లు చాలు. మూడోది తలకు కట్టుకునే లైటు. రాత్రిపూట పొలానికి నీళ్లు కట్టే రైతులు వాడేదే. అది చేసేది ఒక్క పనే, కానీ మన రెండు చేతులనూ ఖాళీగా ఉంచుతుంది.

ఇక అడవి మర్యాద. రిజర్వు ఫారెస్టులో, నల్లమల వంటి పులుల అభయారణ్యంలో అటవీ శాఖ అనుమతి లేకుండా బస చేయకూడదు, నిప్పు రాజేయకూడదు. వేసవిలో ఎండుటాకు మీద ఒక్క నిప్పురవ్వ చాలు. అందుకే మేం ఎక్కువసార్లు అటుకులు, పల్లీలు, బెల్లంతో గడిపేస్తాం. పచ్చి చెట్టు మీద కత్తి పెట్టం. తీసుకెళ్లిన ప్రతి కవరూ తిరిగి తెస్తాం, దానికి యూరియా సంచి ఒకటి చాలు.

చివరిగా ఒక శుభవార్త. వార్డెన్ సారు అనుమతితో స్టోర్ రూము పక్కన ఒక పాత ట్రంకు పెట్టె పెట్టాం. అందులో రెండు టార్పాలిన్లు, ఆరు దోమతెరలు, నాలుగు తలలైట్లు, మూడు గొంగళ్లు, తాళ్లు, ఒక ప్రథమ చికిత్స డబ్బా, ఒక రిజిస్టరు ఉన్నాయి. ఎవరైనా సంతకం చేసి తీసుకెళ్లవచ్చు. తిరిగి తెచ్చాక ఉతికి, ఎండలో ఆరబెట్టి పెట్టాలి. పూర్వ విద్యార్థి అన్నలు ఇంట్లో వాడకుండా ఉన్న దోమతెరో, గొంగడో ఇస్తే సంతోషం. కొత్తవి కొననక్కర్లేదు. ఇక ముందు ఈ హాస్టల్లో సామాను లేదని ఎవరికీ జ్వరం రాకూడదన్నదే మా కోరిక.

మొదటి రాత్రికి అడవి కూడా అక్కర్లేదు. వార్షికోత్సవం అయిన తరువాత వచ్చే శనివారం సాయంత్రం మన గ్రౌండులో వేపచెట్ల మధ్య పట్టా కడుతున్నాం. వచ్చే తమ్ముళ్లు ప్లేటు, గ్లాసు, దుప్పటి, లుంగీ తెచ్చుకోండి. మిగతావి పెట్టెలో ఉన్నాయి.