మొగమాటం లేని బేరం

కూరగాయల అంగడిలో వంకాయను చేత్తో తిప్పి, తొడిమ చూసి, పుచ్చు ఉన్నదేమోనని నొక్కి మరీ కొంటాము. పట్టుచీర అయితే మడత విప్పించి వెలుతురులో చూస్తాము. ఇల్లు కొనేటప్పుడు మాత్రం మన కుటుంబాలలో చాలామందికి నోరు పెగలదు. కాగితాలు చూపమంటే అవతలివారు ఏమనుకుంటారో అని సంకోచం. అమ్మేవారు మన తెలుగువారే అయితే మరీను! నాలుగు తరాలుగా చెన్నపట్నంలో ఉంటున్న కుటుంబం మాది. రెండేళ్లు వీధివీధీ తిరిగి, ఈమధ్యనే ఒక ఇల్లు కొన్నాము. ఆ తిరుగుడులో తెలిసిన సంగతులు మన సంఘంలోని వారికి పనికివస్తాయని ఇంటిల్లిపాదీ కూర్చుని రాస్తున్నాము.

మేము మొదట చూసినది పెరంబూరులో ఒక పాత ఇల్లు. ఒక గ్రౌండు స్థలం, అంటే 2,400 చదరపు అడుగులు. ముందు వసారా, పెరట్లో బావి, రెండు కొబ్బరిచెట్లు. అమ్మేవారు మా ఇంటి పెద్దావిడకు చిన్ననాటి నుంచి తెలిసినవారు. పెద్దాయనను మేము బాబాయిగారని పిలుస్తాము. పెసరట్లు అయినాయి, కాఫీలు అయినాయి. ధర కూడా న్యాయంగానే చెప్పారు. ఆ ఇల్లు వారి నాన్నగారు సొంతంగా సంపాదించినది. వీలునామా రాయకుండా పోయారు, వారి అమ్మగారు కూడా లేరు. తామిద్దరు అన్నదమ్ములూ సంతకాలు పెడతామన్నారు. వారికి నెల్లూరులో ఒక చెల్లెలు ఉన్నదని మాకు తెలుసు.

"బాబాయిగారూ, నెల్లూరు అత్తయ్యగారు కూడా వచ్చి సంతకం పెడతారు గదా?" అని అడిగాము.

పెద్దాయన ముఖం మారిపోయింది. "దాని పెళ్లికి కట్నం ఇచ్చాము, సారె పెట్టాము, రెండు పురుళ్లు పోశాము. ఇంకా దానికేం వాటా అమ్మా? మనవాళ్లు గదా అని మీకు చెబితే, పరాయివాళ్లలాగా ప్లీడరు ప్రశ్నలు వేస్తారేమిటి?" అన్నారు.

ఆయన మాటలో దురుద్దేశం ఉన్నదని మేము అనము. ఆ తరంవారి లెక్క అది. చట్టం లెక్క వేరు. తండ్రి స్వార్జితానికి వీలునామా లేకపోతే కూతురికి కొడుకుతో సమానంగా వాటా ఉన్నదని 1956 నాటి హిందూ వారసత్వ చట్టమే చెప్పింది. పిత్రార్జితంలో అప్పటికి పెళ్లికాని ఆడపిల్లలకు ఆంధ్రప్రదేశ్‌లో 1985 నుంచి, తమిళనాడులో 1989 నుంచి హక్కు వచ్చింది. 2005 సవరణతో ఆ హక్కు దేశమంతటికీ వచ్చింది, పెళ్లయిందా కాలేదా అన్న భేదమూ పోయింది. కట్నమూ సారే వాటాకు చెల్లు కావు. ఇద్దరు అన్నదమ్ములు సంతకం పెడితే వారి రెండు వాటాలే మనకు వస్తాయి. మూడో వాటా నెల్లూరులోనే ఉంటుంది. రేపు ఆవిడో, ఆవిడ పిల్లలో కోర్టుకు వెళ్తే వారిని తప్పుపట్టలేము గదా!

ఇంకొకసారి మెల్లగా అడిగి చూశాము. ఆయన లేచి లోపలికి వెళ్లిపోయారు. బేరం అక్కడితో సరి. ఆ మరుసటి మాఘమాసంలో వారి మనుమరాలి పెళ్లికి మాకు శుభలేఖ రాలేదు. మా పెద్దావిడ ఆ రోజు సరిగా భోజనం చేయలేదు. మొగమాటం వదులుకుంటే ఏమీ పోదని చెప్పేవారు ఉన్నారు. పోతుంది. అయినా అడగవలసిందే. ఎందుకంటే, ఒకరి సొంత ఇల్లు ఇంకొకరు కొనుక్కున్నప్పుడు హక్కులో లోపం బయటపడితే వినియోగదారుల కమిషను సాధారణంగా ఆ తగాదా వినదు. అది సివిలు కోర్టుకు పోవలసిన వ్యవహారం. అక్కడ ఎన్నేళ్లు పడుతుందో చదువరులకు మేము వేరే చెప్పనక్కరలేదు.

రెండవది విల్లివాక్కంలో మేడమీద వాటా. అమ్మే ఆయన దస్తావేజుల నకళ్లు దొంతరగా ఇచ్చాడు. మనలో తమిళం ధారాళంగా మాట్లాడి, చదవడం మాత్రం రానివారు చాలామందే. దస్తావేజు ఏమో తమిళంలో ఉన్నది. పదో తరగతి చదివే మా పిల్లవాడు దాన్ని పద్యం చదివినట్లు గట్టిగా చదివాడు. వడక్కు, తెర్కు, కిళక్కు, మేర్కు అని నాలుగు హద్దులూ వచ్చాయి. తూర్పున పది అడుగుల సందు ఉన్నదని రాసి ఉన్నది. మేము చూసిన ఇంటికి తూర్పున పక్కవారి గోడ ఉన్నది, సందు లేదు. ఇల్లు కొనే ప్రతివారూ దస్తావేజు చేతబట్టుకుని ఆ స్థలం చుట్టూ ఒకసారి నడిచి రావాలని మాకు అప్పుడు తోచింది.

ఇక్కడివారు విల్లంగం అంటారు, మనవైపు ఈసీ అంటారు. ముప్పై ఏళ్లకు తక్కువ కాకుండా దాన్ని తీయించుకోవాలి. తమిళనాడులో ఇంటి నుంచే కంప్యూటరులో చూసుకోవచ్చు. అయితే అందులో రిజిస్టరు అయిన లావాదేవీలే కనబడతాయి. నోటిమాట ఒప్పందాలు, చేబదుళ్లు అందులోకి రావు. అందుకే అసలు దస్తావేజు, దాని వెనకటి తల్లి పత్రం కళ్లతో చూడాలి. ఆయనను అడిగితే అసలు దస్తావేజు లాకరులో ఉన్నదన్నాడు. సరే, లాకరు దగ్గరికే వస్తామన్నాము. ఒకసారి అమావాస్య అన్నాడు, ఒకసారి ఊళ్లో లేనన్నాడు, మూడోసారి ఫోను ఎత్తలేదు. మేము ఇంకేమీ అడగలేదు. బ్యాంకులో తాకట్టు ఉన్నదని నిజం చెబితే అదేమంత పెద్ద దోషం కాదు. మనం ఇచ్చే సొమ్ములో ఆ బాకీని నేరుగా బ్యాంకుకే కట్టి, విడుదల పత్రం రాయించుకోవచ్చు. దాచడమే దోషం. "బ్యాంకు అప్పు ఇస్తానన్నది, వాళ్ల వకీలు అన్నీ చూశాడు" అని కొందరు ధైర్యం చెబుతారు. ఆ వకీలు బ్యాంకు సొమ్ము కోసం చూస్తాడు, మన కోసం కాదు. మన వకీలు మనకు ఉండాలి.

మూడవది కొళత్తూరులో కొత్తగా కడుతున్న ఎనిమిది వాటాల మేడ. కట్టే ఆయన గుంటూరు వైపువారు, మాటకారి. "రెరా నంబరు ఏదండీ?" అని అడిగితే, "మాకు అక్కరలేదండీ" అన్నారు. ఆశ్చర్యంగా ఉన్నా ఆయన చెప్పినది నిజమే. 2016 చట్టం ప్రకారం స్థలం 500 చదరపు మీటర్లకు మించకపోయినా, వాటాలు ఎనిమిదికి మించకపోయినా రిజిస్ట్రేషను అవసరం లేదు. రెండు గ్రౌండ్లంటే 4,800 చదరపు అడుగులు, సుమారు 446 మీటర్లు. చెన్నపట్నం పాత పేటలలో లేచే చిన్న మేడలు ఎన్నో ఈ లెక్కలోనే బయటపడిపోతాయి. పెద్ద కట్టడాలకు చట్టం చేసిన మేలు చాలా ఉన్నది. ఒప్పందం రిజిస్టరు కాకముందు ధరలో 10 శాతానికి మించి తీసుకోరాదు. కొనేవారు ఇచ్చిన సొమ్ములో 70 శాతం వేరే ఖాతాలో ఉంచాలి. స్వాధీనం చేసిన తరువాత ఐదేళ్లలోగా కట్టడంలో లోపం బయటపడితే వారి ఖర్చుతోనే బాగుచేయాలి. చిన్న మేడలో ఇవన్నీ మనమే అడిగి ఒప్పందంలో రాయించుకోవాలి.

అక్కడ మేము ముందుగా చూసినది భూమి వాటా. 4,800 అడుగుల స్థలంలో ఎనిమిది సమానమైన ఇళ్లు అంటే ఇంటికి 600 అడుగులు రావాలి. కాగితంలో 520 అని ఉన్నది. ఇంటికి 80 చొప్పున మిగిలిన 640 అడుగులు ఎక్కడికి పోయాయి? ఆయన తన పేర తానే ఉంచుకున్నారు, ముందుముందు పైన ఇంకొక అంతస్తు వేసే ఉద్దేశంతో. మంజూరైన ప్లానులో ఆ అంతస్తు లేదు. మేము ఒక్కరమే అడిగితే నవ్వి ఊరుకున్నారు. అప్పుడు అదే మేడలో కొనదలచిన మూడు తమిళ కుటుంబాలవారిని కలుసుకున్నాము. వారిలో ఒకాయన రెవెన్యూలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవారు. నలుగురమూ కలిసి వెళ్లేసరికి నవ్వు పోయింది, 600 వచ్చింది. భాష ఒకటైనవారికంటె అవసరం ఒకటైనవారే మాకు అక్కరకు వచ్చారని చెప్పక తప్పదు.

ఇంటి లోపలి కొలతా అంతే. ప్రకటనలో 1,100 అడుగులు. టేపు పట్టి గదిగదీ కొలిస్తే 800 దాటలేదు. తక్కినదంతా మెట్లు, గోడలు, దారులు. ఒప్పందంలో ఇంకొక విచిత్రం ఉన్నది. మేము వాయిదా తప్పితే 18 శాతం వడ్డీ, ఆయన ఆలస్యం చేస్తే మాత్రం ఏమీ లేదు! ఇటువంటి ఒంటిచేతి షరతులు అన్యాయమైన వ్యాపార పద్ధతి అని, కొన్నవారిని అవి కట్టివేయవని సుప్రీం కోర్టు 2019లో తీర్పు చెప్పింది. ఆ సంగతి మా వకీలు చెప్పిన మీదట, ఇల్లు అప్పగించే తేదీ, ఆలస్యానికి ఇవ్వవలసిన వడ్డీ ఒప్పందంలో రాసి ఆయన సంతకం చేశారు.

కట్టడం గట్టిదనం గురించి అడిగితే వెనుకాడవద్దు. 2014 జూన్ 28న మౌళివాక్కంలో కడుతున్న పదకొండు అంతస్తుల మేడ కూలి 61 మంది చనిపోయారు. వారిలో శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి పనికి వచ్చిన మన కూలీలు ఎందరో. పక్కనున్న రెండో మేడను 2016 నవంబరులో పేల్చి పడగొట్టారు. అంతకాలమూ అందులో సొమ్ము కట్టినవారి గతి ఏమిటి? భూమి పరీక్ష నివేదిక చూపమని మేము అడిగినప్పుడు ఆ మేడే మా మనసులో మెదిలింది.

సొంత ఊరి మమకారంతో నెల్లూరులోనో, తిరుపతిలోనో, హైదరాబాదులోనో కట్టేవారి దగ్గర వాటా కొనే కుటుంబాలు మనలో ఉన్నాయి. వారికి తెలియవలసిన మాట ఒకటి ఉన్నది. 2020లో అమలులోకి వచ్చిన కొత్త వినియోగదారుల చట్టం కింద మనం నివసించే ఊళ్లోనే ఫిర్యాదు చేసుకోవచ్చు. అక్కడిదాకా తిరగనక్కరలేదు. చెల్లించిన సొమ్ము 50 లక్షల దాకా అయితే జిల్లా కమిషను, ఆపైన రెండు కోట్ల దాకా రాష్ట్ర కమిషను. రెండేళ్లలోపు వెళ్లాలి. వకీలు లేకుండా మనమే చెప్పుకోవచ్చు. రెరా ఉన్నా ఈ దారి మూసుకుపోలేదని సుప్రీం కోర్టు 2020లోనే చెప్పింది.

ఏ ఫిర్యాదుకైనా చేతిలో రసీదు ఉండాలి. స్థిరాస్తి బేరంలో 20,000 రూపాయలు, అంతకు మించి రొక్కంగా పుచ్చుకోరాదని 2015 నుంచి చట్టం. మేము పైసాతో సహా బ్యాంకు ద్వారానే ఇచ్చాము. ఆ రసీదులు, ఒప్పందం, ప్లాను, ఆయన పంపిన ఉత్తరాలు అన్నీ ఒక గుడ్డసంచిలో వేసి మా పెద్దావిడ బీరువాలో పెట్టారు. తాళంచెవి మాత్రం మాలో ఎవరికీ ఇవ్వడం లేదు.