తూటా మారిన తుపాకి

తెలుగు పాఠం చెప్పుకొని బతికేవాడికి తుపాకి గొడవ ఎందుకని మా ఇంట్లోనే అడిగారు. "మీ ప్రబంధాల్లో విల్లంబులు చాలవా?" అన్నది మా ఆవిడ. చాలును. కాని కాలేజీలో పనిచేసేవాడి మీద ఏ పని ఎప్పుడు పడుతుందో చెప్పలేం. ఎన్.సి.సి. పిల్లల పాఠాన్ని తేట తెలుగులో పెట్టి ఇమ్మని ఒక సహోద్యోగి అడిగారు. మాటలు వెతుకుతూ కూర్చున్నాను గాని, చివరికి ఆ వస్తువే నన్ను పట్టుకొంది.

త్రీ నాట్ త్రీ పేరు విననివారు మన జగిత్యాల వైపు అరుదు. అది లీ ఎన్‌ఫీల్డ్ తుపాకి. చేత్తో బోల్టు వెనక్కు లాగి, ముందుకు తోసి, ఒక్కొక్క తూటాయే పేల్చాలి. బెంగాలులోని ఇషాపూర్ కర్మాగారంలో దాన్ని చేసేవారు. తూటా మార్చుకొన్న సంతానం దానికి ఒకటికి మించి ఉంది. అందులో ఇద్దరి సంగతి చెబుతాను.

ఒకడు పైకి పోయాడు. 1962 చైనా యుద్ధం తర్వాత మన సైన్యం 7.62 మిల్లీమీటర్ల తూటాకు మళ్లింది. దాని ఒత్తిడి పాతదాని కంటె ఎక్కువ. అందుకని ఇషాపూర్ వారు పాత తుపాకులకు కొత్త గొట్టాలు బిగించి ఊరుకోలేదు. రూపం అదే ఉంచి, మరింత గట్టి ఉక్కుతో 2ఏ అనే కొత్త తుపాకినే చేశారు. మేగజైన్‌లో 10 తూటాలకు బదులు 12 పట్టాయి.

రెండోవాడు కిందికి దిగాడు. బోయర్ యుద్ధం (1899–1902) తర్వాత సిపాయిలకు గురి నేర్పడానికి చవక తూటా కావాలని ఇంగ్లండులో తోచింది. అలా వచ్చిన .22 తుపాకుల్లో ఒకటి, 'నెంబరు రెండు, మార్కు నాలుగు', మన ఎన్.సి.సి. పాఠాల్లోకి కూడా చేరింది. .303 గొట్టానికి బదులు సన్న రంధ్రం గల గొట్టం వచ్చింది. పెద్ద తూటాకు నిప్పందుకొనే మందు అడుగున నడిమధ్య ఉంటుంది, చిన్నదానికి అంచులో. కాబట్టి సూది అంచున తగిలేట్టు బోల్టు తల మార్చారు. మేగజైన్ లోపలి స్ప్రింగు తీసి ఉత్త పెట్టెను ఉంచేశారు. పేలిన గుల్లలు అందులో పడతాయి. భుజాన బరువు మాత్రం పాతదే, దాదాపు 4 కిలోలు. 11 గ్రాముల గుండు పోయి రెండున్నర గ్రాముల గుండు వచ్చింది.

ఇంత తెలిసినవాడు గదా అని, ఫైరింగుకు కూతుర్ని పంపనన్న ఒక తల్లి దగ్గరికి నన్నే తోలారు. ఆమె వాకిట్లో బీడీలు చుడుతున్నది. నా పాఠమంతా ఓపిగ్గా విన్నది. చేతిలోని ఆకు దించకుండానే అడిగింది:

"తూట చిన్నగైతే భయం చిన్నగైతదా సారూ?"

ఆ ప్రశ్న ఒక్క ఇంటిది కాదు. 1978 సెప్టెంబరులో జగిత్యాలలో రైతుకూలీల జైత్రయాత్ర జరిగింది. అక్టోబరులో జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు. ఆ తర్వాత ఏళ్ల తరబడి ఈ పల్లెలు రెండు వైపుల తుపాకులనూ విన్నాయి. చీకటి పడితే తలుపు గడియ వేసుకొన్న పిల్లలే ఇప్పుడు తల్లులు.

"కాదు చెల్లె," అన్నాను. "చిన్నదైనా పానం తీస్తది. అందుకే అక్కడ కట్టుదిట్టం. హుకుం లేనిది ఎవ్వలూ తూట పెట్టరు. గొట్టం గురి దిక్కే ఉండాలె. ఎన్ని తూటలిస్తే అన్ని గుల్లలు మళ్ల అప్పజెప్పాలె."

ఆమె చేయి ఆగింది. వెయ్యి బీడీలకు ఒకటి తక్కువైనా ఒప్పుకోని లెక్కల్లో బతుకు వెళ్లదీసిన మనిషి.

"గుల్లలు గూడ లెక్కవెడ్తరా?"

"ఒక్కటి తక్కువైనా ఎవ్వలనూ కదలనియ్యరు."

"మా ఊళ్లె పేలినయాటికి ఎవ్వలూ లెక్క చెప్పలె సారూ," అన్నది. కాసేపటికి కాగితం అందుకొని సంతకం చేసింది.

తుపాకి మారడానికి గొట్టం, బోల్టు చాలునని నేను చదివిన పాఠంలో ఉంది. ఆమె దృష్టిలో అసలు మార్పు ఆ ఖాళీ పెట్టెది. చంపడానికి తూటాలు మోసిన పెట్టె, లెక్కకు గుల్లలు దాచే పెట్టె అయింది.

ఫైరింగు అయిపోయింది. అమ్మాయికి 5 తూటాలిచ్చారు. 5 గుల్లలు అప్పజెప్పింది. గురికి ఎన్ని తగిలాయని నేను అడిగాను. వాళ్లమ్మ మాత్రం గుల్లలు ఎన్నని అడిగిందట.