తుంబురుకోనలో ఒక పగలు

ఏటిలో ఎదురు నడచుట యెట్టిదో ఒడ్డున నిలిచినవారికి తెలియదు. మాకును మొన్నటివరకు తెలియలేదు.

తిరుమల కొండలలోని తుంబురుతీర్థమునకు ముక్కోటినాడు పోవలెనని మా మేనత్త కోరినపుడు, "65 ఏండ్ల వయసున నీకేల యీ శ్రమ, అత్తా?" అని వారించితిమి. అత్త నవ్వి, "నా పాతికేండ్లనాడు అడిగితిని. మగడు పోయినదానికి యాత్రలేల యనిరి. ఇప్పుడు ముసలిదానికేల యనుచున్నారు. నేను పోదగిన వయసు ఎప్పుడు వచ్చెనో, ఎప్పుడు దాటెనో నాకే తెలియలేదమ్మా" అనెను. ఆ మాటకు మాకు బదులు తోచలేదు. చెల్లెలిని వెంటబెట్టుకొని ప్రయాణమైతిమి.

పాపవినాశనమువరకు బస్సు కలదు. అచ్చటినుండి రమారమి 7 కిలోమీటర్లు అడవిదారి. ఎఱ్ఱచందనమునకు పుట్టినిల్లయిన యీ శేషాచలమును 2010లో జీవావరణ రక్షణ ప్రాంతముగా ప్రకటించిరి. దారి చివర కొండ నిలువునా చీలినట్లు ఇరువైపుల రాతిగోడలు, నడుమ నీరు. ఆ నీటిలో నడచియే లోపలి ధారను చేరవలెను.

అత్తను పట్టుకొని నడిపింప నెంచినది మేము. మొదట జారిపడినదియు మేమే. మోకాలు చెక్కుకొనినది. నీరు నడుమునకు వచ్చుసరికి ధైర్యము జారినది. "మీరు పోయి రండు, మే మిచ్చటనే కూర్చుందుము" అంటిమి.

అత్త మా చేయి విడువలేదు. ఆమె యేటిగట్టు పల్లెలో పెరిగినది. "అమ్మాయీ, కుచ్చెళ్ళు ఎత్తి బొడ్డున దోపుము. పాచిపట్టిన నల్లరాతిని నమ్మకుము, ఇసుక తగిలినచోట కాలు మోపుము. పాదము ఎత్తక నేలను తడుముచు జరుపుము. ఒక కాలు కుదిరినదాక రెండవది కదల్పకుము. పాఱు నీటివంక చూచిన తల తిరుగును, ఎదుటి బండను చూడుము" అని ఒక్కొక్క అడుగే వేయించినది.

ధార క్రింద నిలిచినపుడు అత్త చాలసేపు పలుకలేదు. తరిగొండ వెంగమాంబ (1730–1817) వైధవ్యమున లోకుల నిందలు సహించి, పిదప యీ కోనలో తపస్సు చేసెనని ప్రతీతి. వేంకటాచల మాహాత్మ్యమును రచించిన తల్లి యామెయే. ఆ సంగతి చెల్లెలు చెప్పగా అత్త తలపై నీరు తుడుచుకొనుచు, "ఆమె నెవరును వలదనలేదా?" అని అడిగెను. "అనియే యుందురు" అంటిమి. "అయినను వచ్చినది" అని తనలో తాననుకొనెను.

సోదరీమణులారా! గుండెజబ్బు, ఉబ్బసము గలవారు ఇట్టి సాహసము చేయరాదు. అధికారులు అనుమతించిన దినముననే పోవలెను. వానపడిన కోనలో నీరు చూచుచుండగనే పెరుగును. ఇంత జాగ్రత్తయు అవసరమే. కాని మీ యింటి పెద్దామె ఎచ్చటికైన పోవలెనని యడిగినపుడు, ఆమె వయసు లెక్కించుటకు ముందు, ఎన్నేండ్లనుండి అడుగుచున్నదో లెక్కింపుడు.