తడిఱాళ్ల పొందిక

ఆఱినదానిని అతుకుట సులభము. తడిసినదానిని, అందును ప్రాణమున్నదానిని అతుకుట కష్టము. ఈ సంగతి మాకు గడచిన వర్షాకాలమున ఒక దుఃఖము మూలమున దెలిసెను. సోదరీమణులకు అది వినోదముగను, ఒకింత ప్రయోజనకరముగను నుండునని వ్రాయుచున్నాము.

మా యింటి ముందుగదిలో 3 అడుగుల పొడవు గల గాజుతొట్టి యొకటి కలదు. సముద్రగర్భపు వింతలను పిల్లలకు కన్నులార జూపవలెనని మా యింటివారు దానిని నెలకొల్పిరి. సముద్రమునందువలెనే లీటరు నీట సుమారు 35 గ్రాముల లవణముండునట్లు కలిపి, వేడిమి 25, 26 డిగ్రీలు దాటకుండ కాపాడుచుందుము. అందు నారింజవన్నె మేనిపై తెల్లని పట్టెలు గల క్లౌన్ చేపల జంట తిరుగుచుండెను.

తొట్టిలోని ఱాళ్లు వట్టి యలంకారములు గావు. వానికి జీవశిలలని పేరు. వాని సన్నని రంధ్రములలో కంటికి గానరాని సూక్ష్మజీవులు కాపురముండును. చేపల విసర్జనమువలన బుట్టు అమోనియా విషప్రాయము. ఈ జీవులు దానిని నైట్రైటుగను, పిదప నైట్రేటుగను మార్చి నీటిని శుభ్రపఱచుచుండును. ఇవి లేని తొట్టి ఇల్లాలు లేని యిల్లే. మా ఱాళ్లు సముద్రమునుండి తెచ్చినవి గావు. పగడపు దిబ్బలను గట్టు ప్రాణులను 2001 సంవత్సరమున, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టపు మొదటి పట్టికలో జేర్చిరి గనుక మన సముద్రములనుండి వానిని దీయుట నేరము. మేము పోతపోసిన బోలుఱాళ్లను గొని, నెలల తరబడి ఉప్పునీట నుంచి, వానికి జీవము పట్టించితిమి.

ఆ ఱాళ్లను గుహవలె పేర్చినవాడు పండ్రెండేండ్ల మా చిరంజీవి. నలుడు సముద్రముపై సేతువు గట్టిన కథ మా అత్తగారు చెప్పగా విని, తానును అంతటివాడనని మురిసెను. కాని వాడు ఱాళ్లను ఇసుకమీద నిలిపెను. ఇసుకను త్రవ్వుట యే వృత్తిగా గల చిన్నరొయ్య యొకటి అడుగున బొరియ చేసికొనెను. ఒకనాటి రాత్రి పైఱాయి జాఱెను. అద్దము పగులలేదు గాని, చేపలలో పెద్దది ఱాతిక్రింద నలిగిపోయెను.

ఉదయము దానిని జూచి పిల్లవాడు, “అమ్మా, దాన్ని నేనే చంపాను” అని అన్నము ముట్టడాయెను. ఱాళ్లన్నిటిని వెలికిదీసి, ఎండలో ఆఱబెట్టి, ఎన్నటికిని ఊడకుండ అతికింతునని పట్టుబట్టెను. వాని దుఃఖము చూడలేక మేమును సరే యనబోతిమి. కాని మా యింటివారు వారించిరి. ఱాయి ఎండినచో లోని సూక్ష్మజీవులును, చిన్న పురుగులును చచ్చును. అట్టి ఱాతిని మరల నీట వైచినచో అవి క్రుళ్లి అమోనియా పెరుగును. మిగిలిన యొక్క చేపయు దక్కదు. కావున తడిగానే అతుకవలెను. తడిఱాయి అతుకునా యని మేము సందేహింపగా, మా అత్తగారు నవ్వి, “ఇటుక నీళ్లలో నానబెట్టకుండా గోడ కట్టిన మేస్త్రీని నేనింతవరకు చూడలేదమ్మా” అనిరి.

ఇంటింట చిన్న గొట్టములలో దొరకు తక్షణపు జిగురు ఇందులకు పనికివచ్చును. దాని శాస్త్రీయనామము సయనోయాక్రిలేట్. అమెరికాలో 1942 సంవత్సరమున హ్యారీ కూవర్ అను రసాయనశాస్త్రజ్ఞుడు తుపాకి గుఱిసాధనములకై పారదర్శకపదార్థమును వెదకుచు దీనిని గనుగొని, ముట్టినదానికెల్ల అంటుకొనుచున్నదని విసిగి ప్రక్కన బెట్టెనట. 1958 సంవత్సరమున ఆ దోషమే గుణమై అంగడికి వచ్చెను. చిత్రమేమనగా, దీనిని గట్టిపఱచునది తడియే.

మొదటిదినమున మేము జిగురును మాత్రమే నమ్మితిమి. తెల్లవాఱుసరికి ఱాయి ఊడిపడెను. ఱాతిపై జిగటపాచి యుండగా జిగురు పాచికి అంటినది గాని ఱాతికి అంటలేదు. రెండవమాఱు ఇట్లు చేసితిమి. మొదట నీటిని త్రిప్పు యంత్రమును ఆపితిమి. ఱాళ్లను కొలదిసేపు మాత్రమే బయటికి దీసి, తొట్టినీటనే తడిపిన గుడ్డ గప్పితిమి. అతుకుచోటును పాత పండ్లకుంచెతో రుద్దితిమి. నీటిలోను గట్టిపడు ఇపాక్సీ ముద్ద రెండు రంగులుగా వచ్చును. చేతులకు తొడుగులు వేసికొని, రెండును కలిసి ఒక్కరంగగువఱకు చపాతీపిండివలె మర్దించితిమి. ముద్దకు ఇరుప్రక్కల చిక్కని జిగురు పూసి, రెండు ఱాళ్ల నడుమ నుంచి, కొంచెము త్రిప్పుచు అదిమితిమి. ముద్ద ఱాతిరంధ్రములలోనికి దిగినగాని పట్టు చిక్కదు. ఒక్కనాడే అధికముగా వాడరాదు. నీరు మబ్బువాఱును, నురుగు తీయు యంత్రము పొంగిపొరలును.

అదిమిన పిదప ఐదు నిమిషములు కదల్పక పట్టుకొనవలెను. పిల్లవాని చేయి వణకుచుండెను. మేము వాని చేతిపై మా చేయి నుంచితిమి. మాటలు లేవు. ఱాతికన్న ముందుగా వాని చేయి స్థిరపడెను. ఆ సాయంకాలము వాడు అడిగి అన్నము తినెను.

ఇంతకన్న ముఖ్యమైన విషయ మొకటి కలదు. జిగురు బరువును మోయదు, జాఱకుండ మాత్రము పట్టును. ఱాయి ఱాతిపై మూడుచోటుల ఆని, జిగురు లేకయే నిలువవలెను. క్రిందిఱాళ్లు తొట్టి యడుగుననే కూర్చుండవలెను, ఇసుక తరువాత పోయవలెను. ఈసారి మేమట్లే చేసితిమి. వ్రేలితో నెట్టి చూచి, కదలనిదానికే జిగురు పెట్టితిమి.

ఇప్పు డా యతుకులపై ఊదారంగు పొర వ్యాపించుచున్నది. అది సున్నము గూర్చు ఒకజాతి నాచు. నిజమైన పగడపు దిబ్బలలో విఱిగిన తునుకలను కలిపి బిగించునది అదియే. మిగిలిన చేప మగది. ఈ జాతిలో ఆడుది పోయినచో మగదియే క్రమముగా ఆడుదిగా మాఱును. అందుచే దానికి జతగా ఒక చిన్నదానిని దెచ్చితిమి.

సంసారమునందును పిల్లల తప్పులు, పెద్దల యలుకలు, అన్నియు ఆఱిన పిదప సరిచేయుదమని మనము వాయిదా వేయుచుందుము. ఆఱునంతలో అందున్న ప్రాణము కూడ ఆఱును. ఆనాడు కన్నీరు తుడువకముందే పిల్లవానిని పనిలోనికి దింపితిమి. మంచి పని చేసితిమని ఇప్పటికిని తలచుచున్నాము. వాడు నేటికిని నిద్రకు బోవుముందు తొట్టియొద్ద నిలిచి, ఱాళ్లను ఒకసారి తేరిపాఱ జూచి పోవుచుండును.